ఎవరు గొప్పని అడిగిన నక్క

కొండవాగు రెండు పాయలుగా చీలిన చోట చిన్న లంక ఉంది. మేతకు వెళ్ళే తల్లులన్నీ పిల్లల్ని అక్కడే వదిలి వెళ్ళేవి. లేడిపిల్లలు, కుందేటి పిల్లలు, కణుజు దూడలు అన్నీ ఆ లంకలోనే పొద్దంతా ఆడి అక్కడే పడుకునేవి. అంత లేతమాంసం ఒక్కచోట ఉంటే ఎవరికి నోరూరదు? అందుకే లంకకు మూడు దళాలు కాపలా కాసేవి. గట్టు మీద రేచుకుక్కలు, వాగులో నీరుకుక్కలు, ఆకాశంలో డేగలు. రేచుకుక్కలు తమ వేటంతా కొండ అవతలే చేసుకునేవి. లంకలో పెరిగే పిల్ల మీద పంటిగాటు పడకూడదన్నది వాళ్ళ కట్టుబాటు.

ఆ ఏడు కొండ అవతలికి దుమ్ములగొండుల మంద ఒకటి వచ్చి దిగింది. మందకు పెద్ద ఓబులు. వస్తూనే సంగయ్య అనే నక్కను పిలిపించాడు.

"ఒరే సంగా, ఆ మూడు దళాలూ ఒక్కమాట మీద ఉన్నన్నాళ్ళూ మాకు లంకలో అడుగు పడదు. నువ్వు పోయి వాళ్ళకు తగువు పెట్టు. పెడితే వేటలో నీకూ వాటా. పెట్టలేకపోయావో, నీ తోలు ఒలిచి దాని మీద పడుకుంటా."

"ఇంత చిన్న పనికి తోలు దాకా ఎందుకు మామా!" అని సంగయ్య నవ్వాడు. తగువులు పెట్టడంలో అడవిలో అతన్ని మించినవాడు లేడు. మొనగాళ్ళు నలుగురున్న చోటికి పోయి "మీలో ఎవరు గొప్ప?" అని అడిగితే చాలు, మిగతాది వాళ్ళే చూసుకుంటారన్నది అతని నమ్మకం.

ముందు గట్టు మీదికి పోయాడు. రేచుకుక్కల నాయకురాలు ఎర్రమ్మ కొత్తవాళ్ళకు పరుగు నేర్పుతోంది. ముసలి దుప్పి ఒకటి విసుక్కుంటూ ముందు పరిగెత్తుతుంటే వెనక కుర్రకుక్కలు రొప్పుతూ వస్తున్నాయి.

"ఇదేం వేటక్కా? పక్కనే ఉన్నా ఒక్కరూ కరవరేం?"

"కరిస్తే ఇంటికే. పొద్దస్తమానం వెంటపడాలి, నోరు మాత్రం తెరవకూడదు. ముందున్నవాడు అలిసిపోతే వెనకవాడు అడక్కుండానే ముందుకు రావాలి. ఆకలిని ఆపుకోలేనివాణ్ణి పిల్లల పక్కన కాపలా పెడతామా సంగయ్యా?"

సంగయ్యకు నిజంగానే ముచ్చటేసింది. అయినా వచ్చిన పని మర్చిపోలేదు. "మీ అంత దళం ఎక్కడుందక్కా! కానీ ఆ నీరుకుక్క గంగులు ఏమన్నాడో తెలుసా? కుక్క నీళ్ళలో మునిగితే బుడగలు తప్ప ఇంకేం తేలవన్నాడు."

ఎర్రమ్మ పగలబడి నవ్వింది. "వాడన్నది నిజమే! వాళ్ళ దగ్గర నేర్చుకోవడానికి పోయి సగం వాగు తాగేశాను. మాలో ఎవరు చేరినా తక్కిన రెండు దళాల్లో ఒక్కో ఎండాకాలం ఉండి రావాలి. అక్కడ పసిపిల్లలు కూడా మనల్ని చూసి నవ్వుతారు. ఆ నవ్వు ఓర్చుకోలేనివాడు మాకక్కర్లేదు."

సంగయ్య పాచిక పారలేదు. వాగులోకి దిగాడు. గంగులు బురదనీళ్ళలోకి ఒక గులకరాయి విసిరి, "అదే రాయి తేవాలి, అలాంటి రాయి కాదు" అని కుర్రవాళ్ళను ముంచుతున్నాడు. ఆ బురదలో కళ్ళు పనిచెయ్యవు. మీసాలతో తడిమి పట్టుకోవాలి. ఒక కుర్రది చాలాసేపటికి పైకొచ్చి రాయి అందించింది. గంగులు దాన్ని వాసన చూసి తలూపాడు.

"ఇంత పనివాడివి, నీ నడక చూసి ఎర్రమ్మ నవ్వుతోంది బావా. ఇంతకీ మీ ఇద్దరిలో ఎవరు గొప్ప?" అన్నాడు సంగయ్య.

"నవ్వక ఏం చేస్తుంది? వాళ్ళ పరుగులో నేను కూలబడితే మెడ కరిచిపట్టుకుని మోసుకొచ్చింది తనే. దారంతా తిడుతూనే ఉంది, కింద మాత్రం పెట్టలేదు. అలాంటామెతో నాకు పోటీయా!"

ఇక మిగిలింది డేగల పెద్ద కొండన్న. అతని కుర్రవాళ్ళు మబ్బుల్లోంచి రాయిలా పడి, మట్టికి గోరు తగలకుండా ఎండుటాకు ఒక్కటే ఎత్తుకుపోతున్నారు. చూస్తుంటే సంగయ్యకు కళ్ళు తిరిగాయి. తేరుకుని, డేగలకు నేల మీద నడవడం రాదని కుక్కలూ నీరుకుక్కలూ ఎగతాళి చేస్తున్నారని చెప్పాడు.

"సరిగ్గానే అన్నారు" అని కొండన్న మళ్ళీ కొండల వైపు చూపు తిప్పుకున్నాడు.

మొహాన ఎంత నవ్వినా లోపల పుండు ఉండే ఉంటుంది, ముగ్గురూ కలిసినప్పుడు పగులుతుంది అనుకుని వాళ్ళు రోజూ కలిసే చోట, లంకకు దాటే రేవు పక్కన, సంగయ్య రెల్లులో నక్కాడు. పొద్దు వాలగానే మూడు దళాలూ వచ్చి కూర్చున్నాయి. ఆనాడు తాము చేసిన తప్పు ఎవరికి వారు చెప్పుకోవడం అక్కడి రివాజు. ఆ సంగతి పాపం సంగయ్యకు తెలియదు.

"ఇవాళ సంగయ్య వచ్చి పొగిడాడు. వింటుంటే కాసేపు హాయిగా ఉంది. ఆ కాసేపూ నేను రేవు వైపు చూడలేదు. తప్పు నాదే" అంది ఎర్రమ్మ.

"నన్నూ పొగిడాడు. ఎవరు గొప్పని అడిగాడు. ఎందుకని నేను అడగలేదు, అదీ తప్పే" అన్నాడు గంగులు.

"నా దగ్గరికీ వచ్చాడు. అతను వచ్చింది కొండ అవతలి నుంచి. అక్కడ ఓబులు మంద దిగి ఉంది. చూసి కూడా పొద్దున్నే మీకు చెప్పలేదు. అది నా తప్పు" అన్నాడు కొండన్న.

ఒకరినొకరు నిందించుకోలేదు. గొంతు పెంచిన వాళ్ళు లేరు. మంద రేవు దాటే వస్తుందని తేల్చుకుని, ఎవరెక్కడ ఉండాలో నాలుగు మాటల్లో చెప్పుకుని లేచారు. రెల్లులోంచి సంగయ్య అంతా విన్నాడు. ఇలాంటి వాళ్ళను అతను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. వీళ్ళ జోలికి పోవద్దని ఓబులుకు చెప్పాలనిపించింది. చెబితే తోలు ఊడుతుంది.

"తగువు పెట్టేశా మామా. ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు" అని చెప్పేశాడు.

తెల్లవారుతుండగా మంద వచ్చింది. సంగయ్య దూరంగా బండ ఎక్కి చూస్తున్నాడు. గట్టు మీద కుక్క జాడ లేదు. ఓబులు ధీమాగా రేవులో దిగాడు. అడుగున రాళ్ళన్నీ నీరుకుక్కలు ముందే కదిలించి పెట్టాయేమో, కాళ్ళు జారి మందంతా ఒకరి మీద ఒకరు పడ్డారు. పైనుంచి డేగ కూత వినిపించింది. మరుక్షణం వాళ్ళ చుట్టూ నీళ్ళలోంచి ఎర్రటి తలలు లేచాయి. అంతసేపూ ముక్కు కొస మాత్రం పైకి పెట్టి కుక్కలన్నీ వాగులోనే ఉన్నాయి. ఒక్క బుడగ రాలేదు. కింద నీరుకుక్కలు తోకలు పట్టి లాగుతున్నాయి, మీద డేగలు నెత్తిన తన్నుతున్నాయి. మంద తోకలు ముడిచి పరుగు అందుకుంది. లంకలో ఒక్క పిల్లకు కూడా నిద్ర చెడలేదు.

సంగయ్య నోరు వెళ్ళబెట్టి చూస్తూ పారిపోవడం మర్చిపోయాడు. తేరుకునేసరికి చుట్టూ దుమ్ములగొండులే. నెత్తుటి మూతితో ఓబులు మీదికొచ్చాడు.

"కొట్టుకుంటున్నారన్నావు కదరా!"

సంగయ్య వంగి దండం పెట్టాడు. "అబద్ధమాడాను మామా, చంపెయ్. కానీ ఎవడో అనామకుడి చేతిలో చావడం నాకు నామోషీ. మీలో అందరికంటే గొప్పవాడే చంపాలి. ఎవరు మామా మీలో గొప్ప?"

"ఇంకెవరు, నేనే!" అన్నాడు ఓబులు.

"నువ్వా? రేవులో మొదట వెనక్కి తిరిగింది ఎవరు?" అన్నాడు ఓబులు తమ్ముడు.

"మీ ఇద్దరూ నన్ను తొక్కుకుంటూ పోలేదూ?" అంది వాళ్ళ మేనత్త. తమ్ముడు ఓబులు చెవి కొరికాడు, ఓబులు మేనత్త కాలు కరిచాడు, మిగతావాళ్ళు తలో పక్కా చేరారు. దుమ్ము లేచింది. సంగయ్య ఖాళీ కడుపుతో మెల్లగా ఆ దుమ్ములోంచి జారుకున్నాడు. అతని వైపు చూసే తీరిక ఎవరికీ లేదు.

నీతి: తన తప్పు తానే చెప్పుకునే దళాన్ని ఎంత పొగిడినా చీల్చలేం, గొప్ప కోసం పాకులాడే మందకు ఒక్క ప్రశ్న చాలు.