తలపాగా విప్పని పెళ్ళికొడుకు

అనగనగా ఒక రాజు. ఆ రాజుగారికి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రూపసేనుడు, అందగాడు. రెండోవాడు కాంతిసేనుడు, ఇంకా అందగాడు. నీళ్ళలో తన నీడ కనిపిస్తే స్నానం చెయ్యడం మరిచిపోయేవాడు. మూడోవాడు మణిసేనుడు. అన్నీ బాగానే ఉన్నాయి గానీ, చెవులు మాత్రం... నవ్వకండి మరి... చేటంత!

"తమ్ముడూ, ఉక్కగా ఉంది, కాస్త తల ఊపరా," అనేవాడు పెద్దన్న.

"వద్దురా, దీపాలారిపోతాయి," అనేవాడు చిన్నన్న.

మణిసేనుడు పైకి నవ్వేవాడు. కానీ పదో ఏట ఒక తలపాగా చుట్టుకున్నాడు. అంతే, మళ్ళీ మనుషుల ముందు విప్పితే ఒట్టు!

ఒకరోజు అతనికి సన్నగా ఒక పాట వినిపించింది. ఎవరో అమ్మాయి పాడుతోంది.

"అన్నయ్యా, వింటున్నావా?"

"ఆఁ, వంటింట్లో తాలింపు చిటపటలేగా?"

మొదటిరోజు రాగం వినిపించింది. రెండోరోజు మాటలు వినిపించాయి. మూడోరోజు ఆ మాటల్లో ఏడుపు వినిపించింది. "ఏడు సముద్రాల అవతల బందీగా ఉన్నాను, ఎవరైనా విన్నారా?" అంటోంది పాట.

"విన్నానండీ, వస్తున్నా!" అంటూ బయల్దేరాడు మణిసేనుడు.

సముద్రపు ఒడ్డున వలలో చిక్కుకున్న తాబేలు మూలుగు విని, వల కోసి విడిపించాడు. తాబేలు అతణ్ణి వీపు మీద ఎక్కించుకుంది. ఏడు సముద్రాలూ ఎలా ఉన్నాయంటారా? మొదటిది ఉప్పగా ఉంది. రెండోది కూడా ఉప్పగానే ఉంది. మిగతావి మీరే ఊహించుకోండి.

"ఆ దీవి ఎర్రమీసాల మాంత్రికుడిది," అంది తాబేలు. "తనను పెళ్ళి చేసుకోనందని విరజ అనే రాజకుమారిని రాతిబురుజులో దాచాడు. వాడి ప్రాణం ఒక చిలకలో ఉంది. కానీ అచ్చం ఒకేలాంటి చిలకలు మూడున్నాయి. సరైన పంజరం తెరిస్తే వాడి పని అయిపోతుంది. తప్పు పంజరం తెరిచావో, నువ్వు రాయివైపోతావు!"

దీవి చేరి చూస్తే, బురుజుకు కిటికీ అయినా లేదు. మణిసేనుడు గోడకు చెవి ఆనించాడు.

"మీ పాట విని వచ్చానండీ."

"మూడేళ్ళుగా పాడుతుంటే ఇప్పుడా రావడం?"

"దారి కాస్త దూరమండీ."

లోపల నవ్వు వినిపించింది. ఆ గోడకు అటూ ఇటూ కూర్చుని మూడు రోజులు కబుర్లు చెప్పుకున్నారు. మూడోరోజుకి విరజ, "బయటపడితే మిమ్మల్నే చేసుకుంటాను," అంది.

"నన్ను చూడనే లేదు కదా!"

"మీరు మాత్రం చూశారా ఏం?"

మణిసేనుడు తలపాగా ఇంకాస్త బిగించుకున్నాడు. చూశాక కాదంటే?

మాంత్రికుడి తోటలో మూడు పంజరాలు వేలాడుతున్నాయి. ఎవరూ లేరు కదా అని తలపాగా విప్పి, మొదటి చిలక గుండె విన్నాడు. టుక్ టుక్. రెండోది విన్నాడు. టుక్ టుక్. ఇంతలో మీసాలు దువ్వుకుంటూ మాంత్రికుడు రానే వచ్చాడు, చేతిలో ఒక గిన్నెతో.

"అయ్యో అబ్బాయ్, ఈ చెవులు చూస్తే ఆ పిల్ల జడుసుకోదూ? ఈ పసరు తాగు. తమలపాకులంత అవుతాయి. తర్వాత నీకిష్టమైన పంజరం తెరుచుకో!"

గిన్నెలోకి చూస్తే చిన్న చిన్న చెవులతో తన మొహమే కనిపించింది. ఎంత బాగుందో! గిన్నె పెదవుల దాకా వెళ్ళింది. సరిగ్గా అప్పుడే బురుజులోంచి సన్నగా పాట వినిపించింది. ఈ చెవులు పోతే ఈ పాట వినేదెవరు?

మణిసేనుడు పసరంతా మాంత్రికుడి మీసాల మీద గుమ్మరించాడు. అవి చీమ కాళ్ళంతయ్యాయి!

"అద్దం! నా అద్దం!" అని మాంత్రికుడు గంతులేస్తుంటే, మూడో చిలకను విన్నాడు. టుక్ టుక్, టుక్ టుక్. రెండు గుండెలు! పంజరం తెరవగానే చిలక తుర్రుమంది. ప్రాణం దూరమైతే మంత్రాలు పలకవు కదా. "ఆగవే తల్లీ!" అంటూ మాంత్రికుడు ఇప్పటికీ దాని వెనకే పరిగెడుతున్నాడు.

బురుజు తలుపు తెరుచుకుంది. ఈలోగా మనవాడు తలపాగా చుట్టేసుకున్నాడు లెండి.

తాబేలు ఇద్దరినీ రాజుగారి ఊరికి చేర్చింది. పెళ్ళి వేళయింది. వధూవరుల మధ్య అడ్డుతెర పట్టారు.

"జీలకర్ర బెల్లం నడినెత్తిన పెట్టాలి. తలపాగా తియ్యి నాయనా," అన్నారు పురోహితులు.

"గుడ్డ మీదే పెట్టించండి."

"పెళ్ళి నీకా, గుడ్డకా?"

"ఏమైందండీ?" అంది తెర వెనక విరజ.

మణిసేనుడు తెర వైపు వంగాడు. "నా చెవులు... చేటంత ఉంటాయి. చూడకముందే చెబుతున్నాను. వద్దంటే ఇప్పుడే చెప్పెయ్యండి."

తెర వెనక నుంచి మెల్లగా విరజ గొంతు వినిపించింది. "మూడేళ్ళు పాడానండీ. లోకంలో ఇన్ని ముద్దొచ్చే చెవులున్నాయి, ఒక్కటీ వినలేదు. తీస్తారా లేదా? బెల్లం కరిగి మోచేతిదాకా కారుతోంది!"

మణిసేనుడు తలపాగా తనే విప్పేశాడు. నెత్తిన జీలకర్ర బెల్లం పడింది. తెర తొలగింది. విరజ చూసింది, తనివితీరా చూసింది. అన్నలిద్దరూ గబగబా అక్షింతలు చల్లారు. ఆమె వంగి అతని చెవిలో ఏదో చెప్పింది. ఏం చెప్పిందంటే నాకేం తెలుసు? నా చెవులు చిన్నవి.

రాజుగారు రాజ్యం మణిసేనుడికే ఇచ్చారు, వాళ్ళు నిండు నూరేళ్ళు ఏలారు. ఎక్కడ ఎవరు మూలిగినా మణిసేనుడికి వినిపించేది. ఆ తలపాగాతో మొదటి పాపాయికి ఉయ్యాల కట్టారు. పాపాయి చెవులెలా ఉన్నాయంటారా? ష్... మెల్లగా! ఉయ్యాల్లోకి అన్నీ వినిపిస్తాయి.