ఎవరూ కోయని బూరుగు

దొర తోటలో ఒక బూరుగుచెట్టు ఉండేది. దాని దూదంతా దొర పరుపులకే వెళ్ళేది. దోటితో కాయలు కోసే ఆడవాళ్ళు మాత్రం చాపల మీద పడుకునేవాళ్ళు. ఎవరింట్లో గుప్పెడు దూది దొరికినా అది దొంగతనమే. ఆ చట్టం రాసిన చెయ్యి ఏనాడూ దోటి పట్టలేదు.

ఆ ఆడవాళ్ళలో ఒకామె తల్లి ఏడాదిగా లేవలేదు. చాప ఒరుసుకుని వీపంతా పుండైంది. కూతురు మేస్త్రీ దగ్గరికి వెళ్ళి, ఒక్క పరుపుకు సరిపడా దూది ఇప్పించమని అడిగింది. మేస్త్రీ నవ్వాడు.

"ఇవాళ పరుపంటావు. రేపు దొర మేడలో గది ఇప్పించమంటావు."

"ఇప్పిస్తే వద్దనను," అందామె.

ఆ ఏడాది కాయలు ముదిరినా ఒక్క దోటీ లేవలేదు. ఆడవాళ్ళు చెట్టు చుట్టూ చేతులు కట్టుకుని కూర్చున్నారు. మేస్త్రీ తిట్టాడు, తర్వాత బతిమాలాడు, చివరికి పక్క ఊరి కూలీలను పిలిపించాడు. వాళ్ళు వచ్చి, సంగతి విని, వీళ్ళ పక్కనే కూర్చున్నారు.

ఆరో రోజు ఎండకు కాయలు పగిలాయి. కొంత దూది గాలికి లేచి పొలాల మీదికి పోయింది. మిగతాదంతా చెట్టు కిందే పడింది. నేల కనపడలేదు.

కూతురు ఇంటికి వెళ్ళి, తల్లిని ఎత్తుకొచ్చి ఆ దూదిలో పడుకోబెట్టింది.

మేస్త్రీ పరుగెత్తుకొచ్చాడు. దొర దూది మీద ఎవరిని పడుకోబెట్టావని గద్దించాడు.

"దూదిని నేను ఇంటికి తీసుకెళ్ళలేదు కదా. మా అమ్మనే ఇక్కడికి తెచ్చాను."

మేస్త్రీ దొరకు కబురు పంపాడు. ముసలామె హాయిగా కళ్ళు మూసుకుంది. మిగతావాళ్ళూ ఒక్కొక్కరే నడుం వాల్చారు. అంత మెత్తదనం వాళ్ళ ఒంటికి కొత్త. మాటలు తగ్గాయి. కొందరికి కునుకు పట్టింది.

దొర మనుషులు కర్రలతో వస్తున్న చప్పుడు మొదట విన్నది ముసలామే.

"నన్ను కూర్చోబెట్టవే," అంది కూతురితో.

"ఇప్పుడేగా పడుకున్నావు. నొప్పి పుడుతుందమ్మా."

"పడుకున్నవాళ్ళను చాప చుట్టినట్టు చుట్టి అవతల పడేస్తారు. కూర్చోబెట్టు."

కూతురు లేపింది. ముసలామె వీపు నిలవలేదు. ఒకామె లేచి, తన వీపును ఆమె వీపుకు ఆనించింది. ఆమెకు ఆనుకుని ఇంకొకామె. పక్క ఊరివాళ్ళూ వచ్చి ఆనుకుని కూర్చున్నారు.

కర్రలు చెట్టు దగ్గరికి చేరేసరికి దూది అలాగే ఉంది. దాని మీద ఒక్కరూ పడుకుని లేరు.