గవర్రాజు గది గచ్చు ఎందుకు ఆరలేదు

"ఒరే గవర్రాజూ, షీటు కింద చూశావా?"

"చూస్తూనే ఉన్నానన్నయ్యా" అని గచ్చుకి అంటించిన ప్లాస్టిక్ షీటు కిందనుంచి గొంతు వినిపించింది. కింద చూడమన్నారని కిందికే దూరాడు. చెమటతో తడిసి బయటికొచ్చి, "బొట్లున్నాయి" అన్నాడు.

పెద్దవాడు పైడయ్య, నడిపివాడు సింహాద్రి, ఆఖరివాడు గవర్రాజు. ఇంత తెలివి ఒక్క కప్పు కింద ఎలా పట్టిందా అని వాళ్ళకే ఆశ్చర్యం. కొత్త గదికి కాంక్రీటు పోయించి, పైన చెక్క పలకలు పరవడానికి సర్వలక్ష్మిని పిలిచారు. గచ్చులో ఇంకా తడి ఉంటే కింద బొట్లు కడతాయని షీటు అంటించమన్నది ఆవిడే.

వచ్చి చూసి, "తడి మీద చెక్క వేస్తే ఉబ్బిపోతుంది. ఆరేదాకా రోజూ పొద్దున్నే వచ్చి చూసిపోతాను" అంది.

గవర్రాజుకి ఆ మాట దూరంగా సన్నాయి విన్నట్టుంది. తడి ఉంటే వస్తుంది. ఆరిందా, చెక్క వేసి వెళ్ళిపోతుంది. ఆ ముక్కుపుడక మెరుపు ఇంకెక్కడ చూడాలి? అంతే, రోజూ షీటెత్తి చెంబెడు నీళ్ళు పోసి, మళ్ళీ అంటించడం మొదలెట్టాడు.

రోజూ బొట్లే. "గాలి బాగా తగలనివ్వండి" అంది సర్వలక్ష్మి. ఇంకేముంది, తలుపులూ కిటికీలూ ఊడబెరికి వీధిలో పెట్టారు. అయినా బొట్లే. "ఎండ పడితే ఆరుతుందేమో" అంది. ఇంకేముంది, పైడయ్య నిచ్చెనేసి పైకప్పు రేకులు విప్పేశాడు.

"ఎండకి అడ్డంగా ఇన్నాళ్ళూ మనమే కప్పు పెట్టుకున్నామురా" అన్నాడు.

"పక్కింటివాళ్ళకి చెప్పకన్నయ్యా, వాళ్ళూ విప్పేసుకుంటారు" అన్నాడు సింహాద్రి.

మర్నాడు తెల్లారేసరికి కుండపోత వాన. గదిలో గడప అంచుదాకా నీళ్ళు. షీటు పడవలా తిరుగుతోంది. సర్వలక్ష్మి గొడుగేసుకుని గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"మీ గచ్చు ఇంక ఆరదు గానీ, నేనింక రాను" అంది.

గవర్రాజు ముందుకొచ్చాడు. "తడి ఉంటే వస్తానన్నావు కదా?"

"దీన్ని తడంటారా? ఇన్ని నీళ్ళు పోసిన మహానుభావుడెవరో, ఆయన్నే ఎత్తిపోసుకోమనండి."

అన్నలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గవర్రాజు నీళ్ళలోకి దిగి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నేనే పోశాను, సర్వలక్ష్మీ. నిన్ను చూడకుండా ఉండలేక పోశాను. కానీ రోజూ ఒక్క చెంబే పోసేవాణ్ణి. ఇవాళ ఇన్ని ఎప్పుడు పోశానో నాకే గుర్తు లేదు."