జాలరిపేట ఆవిడను అడిగిన ప్రశ్న

ఏది ముందో ఏది వెనకో కలిసిపోతే ఏమనుకోకండి. ఈ మధ్య వరుస నాకు నిలవడం లేదు. మాటలు మాత్రం నిలిచాయి.

మా తమ్ముడు చలపతి, కొమరగిరి నరహరి మాస్టారి దగ్గర సమాజశాస్త్రం చదివాడు. అప్పటికి మన వైపు ఆ చదువు కొత్త. కాలేజీలో దానికి ఒక బల్ల, రెండు కుర్చీలు. ఒకటి మాస్టారిది, రెండోది ఖాళీ. తమ్ముడి వ్యాసం అచ్చయితే ఆ కుర్చీ వాడికే అన్నారు.

ఆ వ్యాసం కోసం ఇద్దరూ భీమిలి దగ్గర జాలరిపేటకు వెళ్లారు. చేపలు ఎండబెడుతున్న ఒకావిడను తమ్ముడు ప్రశ్నలు అడిగాడు. ఇరుగుపొరుగు మూగారు.

"మీ ఆయన కొడతాడా?" అని కూడా అడిగాడు.

ఆవిడ తలెత్తకుండా, చేపలు తిరగేస్తూ అన్నీ చెప్పింది.

తిరుగు బస్సు కిక్కిరిసి ఉంది. తమ్ముడికి సంతోషం ఆగలేదు.

"చూశారా మాస్టారూ, ఒక్కటీ దాచలేదు. అడగడం తెలియాలే గానీ ఎవరైనా చెబుతారండీ."

మాస్టారు తలూపారు. వెనక సీటు దాకా వినబడేలా అడిగారు.

"చలపతీ, మీ నాన్నగారు మీ అమ్మగారిని కొడతారా?"

టికెట్లిస్తున్న కండక్టరు ఆగిపోయాడు. ముందు సీటు ముసలాయన వెనక్కి తిరిగి, "చెప్పు నాయనా, పెద్దాయన అడుగుతున్నారు" అన్నాడు.

ఆ ప్రశ్నకు జవాబు మా ఇంట్లో అందరికీ తెలుసు.

"జనం వింటున్నారండీ" అన్నాడు తమ్ముడు గొంతు తగ్గించి.

"అక్కడా విన్నారు."

చాలా దూరం పోయాక తమ్ముడు మెల్లగా అడిగాడు. "మరి ఆవిడ ఎందుకు చెప్పిందండీ?"

"నువ్వెందుకు చెప్పలేదు?" అన్నారు మాస్టారు.

ఆ సాయంత్రం వాడు ఇంటికొచ్చి అమ్మ ముఖం చూడలేకపోయాడు. అన్నానికి పిలిచినా పెరట్లోంచి లేవలేదు.

వ్యాసం అచ్చయింది. కుర్చీ వాడికే వచ్చింది. తర్వాత పెద్ద ఆచార్యుడయ్యాడు. ఆవిడ చెప్పిన సంగతులు మాత్రం ఆ వ్యాసంలో లేవు, తర్వాత రాసిన వాటిలోనూ లేవు.

హైమా, మా తమ్ముడు, అదే మీ నాన్న, నీకూ ఇది చెప్పే ఉంటాడు. మాస్టారి ఇంటిపేరు, ఊరి పేరు సరిగ్గా రాశానో లేదో ఒకసారి చూసిపెట్టవే. జాలరిపేట ఆవిడ పేరు మాత్రం వెతక్కు. అది మరిచిపోయి వదిలింది కాదు.