సముద్రుడు తీసుకున్న కొబ్బరికాయ

అనగనగా ఒక సముద్రం. ఆ సముద్రానికో ఒడ్డు. ఆ ఒడ్డున పిడికెడు బొరియలో కెంపు అనే ఎర్రపీత కాపురం ఉండేది. ఒళ్ళు బొటనవేలంత, నోరు తాటికాయంత. వచ్చేపోయేవాళ్ళను కాసేపు ఏడిపించకపోతే దానికి పొద్దు గడిచేది కాదు.

మాఘ పౌర్ణమి వచ్చిందంటే ఆ ఒడ్డున ఇసకేస్తే రాలనంత జనం. అంతా సముద్రస్నానానికే. పల్లెవాళ్ళు మాత్రం అలలు నురగలు కక్కుతూ ఒడ్డెక్కే చోటనే దిగేవారు. మొలలోతు దాటేవారు కాదు.

ఒక ఏడు ఆ స్నానానికి ఉద్దండవర్మ మహారాజు విచ్చేశాడు. కొండలకు అవతలి రాజ్యం ఆయనది. ఏడు చెరువులు ఈదిన మొనగాడే గాని, సముద్రాన్ని చూడటం అదే మొదలు. వెంట మంత్రిగారు. ఆయనకు వచ్చిన మాట ఒక్కటే, "చిత్తం!"

"మంత్రీ, సముద్రుడికి కొబ్బరికాయ సమర్పిద్దాం. ఎక్కడ స్వీకరిస్తాడో అక్కడే మన స్నానం."

"చిత్తం!"

రాజు మొదటి కాయ విసిరాడు. అల దాన్ని దొర్లించుకొచ్చి రాజుగారి పాదాల దగ్గరే పడేసింది. రాజు మొహం మాడింది.

పది బారలు పక్కకు జరిగి రెండో కాయ విసిరాడు. అదీ తిరిగొచ్చి మంత్రిగారి కాలివేలికి టంగున తగిలింది.

"అబ్బా... చిత్తం!" అన్నాడు మంత్రి.

ఇంకాస్త అవతల, రెండు నురగ వరసల నడుమ, నీళ్ళలో బాటలాంటిది కనిపించింది. అక్కడ అల లేదు, గోల లేదు. నున్నగా, నీలంగా ఉంది. మూడో కాయ అక్కడ పడిందో లేదో, పిలిచినట్టే లోపలికి సాగిపోయింది. చూస్తుండగానే చుక్కంత అయింది.

"చూశావా! ఎంత ఆప్యాయంగా తీసుకున్నాడో!" రాజు కండువా తీసి మంత్రి చేతిలో పెట్టాడు.

కెంపు బొరియలోంచి గబగబా బయటికొచ్చింది. అలలు ఒడ్డుకు తెచ్చిన నీళ్ళన్నీ మళ్ళీ లోపలికి పరుగెత్తే దారి అది. చిన్నప్పుడు తనూ అందులో చిక్కుకుని బయటపడింది.

"మహారాజా, ఆగండి! సముద్రం కాయను తిరిగిచ్చిన చోట దిగండి, మిమ్మల్నీ తిరిగిస్తుంది. ఇక్కడ దిగితే కాయ వెనకే మీరూ వెళతారు!"

రాజు పకపకా నవ్వాడు. "తిన్నగా నాలుగడుగులు వేయలేవు. నువ్వా నాకు దారి చెప్పేది?"

"నా నడకే అడ్డం మహారాజా, నా మాట తిన్ననే!"

రాజు వినలేదు. మోకాలిలోతు. మొలలోతు. ఆపైన కాలికింద ఇసక జారిపోయింది. నీళ్ళు ఆయన్ను లోపలికి ఈడ్చుకుపోసాగాయి. ఒడ్డుకు తిరిగి పది బారలు ఈదాడు, ఒడ్డు దూరమైంది. ఇరవై బారలు ఈదాడు, ఇంకా దూరమైంది. ముప్పయ్యో బారకు చేతులు రాళ్ళయ్యాయి. ఏడు చెరువుల ఈతా ఏ మూలకూ రాలేదు.

మంత్రి పంచె ఎగ్గట్టి దూకబోయాడు. కెంపు ఆయన కాలివేలు పట్టుకుని కసుక్కున నొక్కింది.

"మీరూ మునిగితే చిత్తం అనేదెవరు బాబూ? ఆగండి! నా గొంతు అంత దూరం పోదు. ఒడ్డుకేసి కాదు, నాలాగా అడ్డంగా ఈదమని అరవండి!"

మంత్రి పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి రాజుకు ఎదురు చెప్పాడు. "మహారాజా! ఒడ్డుకేసి ఈదకండి! పీతలా అడ్డంగా, ఒడ్డు వెంబడే పక్కకు ఈదండి!"

నీళ్ళలోంచి వగరుస్తూ ఒక గొంతు వినిపించింది.

"చి... చిత్తం!"

రాజు పక్కకు తిరిగాడు. నెమ్మదిగా ఒక్కో బారా వేశాడు. ఈడ్చే నీళ్ళ పట్టు సడలింది. ఇంతలో నురగల అల ఒకటి వెనకనుంచి వచ్చి ఆయన్ను ఎత్తుకుంది. దొర్లించి, పొర్లించి, తీసుకొచ్చి రెండు కొబ్బరికాయల మధ్యన పడేసింది.

కెంపు కళ్ళు నిక్కించి చూసింది. "మూడో కాయ రాలేదే అనుకుంటున్నా. వచ్చిందే! కాస్త పెద్దదై వచ్చింది!"

రాజు ఉప్పునీళ్ళు ఉమ్మి, నవ్వాపుకోలేకపోయాడు. తన ఎర్రపట్టు కండువాను గెడకు కట్టించి, ఆ నున్నటి బాట ఎదురుగా పాతించాడు. "ఈ జెండా ఉన్నచోట కాయలే దిగాలి, మనుషులు దిగరాదు" అని చాటించాడు. తిరిగొచ్చిన రెండు కాయలూ కొట్టించి జనానికి పంచాడు. మొదటి ముక్క కెంపుకే.

పల్లకీ ఎక్కేముందు రాజు దానివైపు చూసి, మూడడుగులు అడ్డంగా నడిచాడు. వెనకే మంత్రీ, పరివారమూ మూడడుగులు అడ్డంగా నడిచారు.

వెనక్కి నెట్టినవాళ్ళంతా పగవాళ్ళు కారు, చల్లగా లోపలికి పిలిచినవాళ్ళంతా చుట్టాలు కారు. తెలియని నీళ్ళలో దిగేముందు ఆ ఒడ్డున బతికేవాళ్ళ మాట వినాలి.