అరవై రాళ్ల మందలమ్మ

రెండు గుట్టల నడుమనున్న ఈ కాలనీలో బస్సు దిగగానే భక్తులు గుడి ఎక్కడని అడుగుతారు. ఇక్కడ గుడి లేదు. ప్రతి ఇంటి హద్దు మూలన మోకాలెత్తు రాయి, దాని మీద ఇంత పసుపు, అంతే. ఆ అరవై రాళ్లలో ఒకటి మందలమ్మ. ఏదని మాత్రం అడగవద్దు.

పూర్వం ఇక్కడ, పూర్వమంటే మరీ కృతయుగం కాదు, మన నాన్నల కాలంలోనే, లోయంతా కురుమల గొర్రెలు మేసే బీడు. ఏటా మొదట ఈనిన గొర్రె జున్నుపాలు అమ్మ రాతికి పోయనిదే ఎవరూ ముట్టేవారు కారు. ఆ పని కొమురవ్వది. అత్త చనిపోతూ ఆమె చేతిలో పాలముంత పెట్టి, "అమ్మను ఉపాసముంచకు" అని ఒట్టు వేయించుకుంది.

ఒక ఏడు వేసవి మేతకు ఏరు దాటి వెళ్లిన కురుమలు తొలకరికి తిరిగి వచ్చేసరికి లోయ ప్లాట్లయిపోయింది. కొలతలవారు బీడులోని రాళ్లన్నీ పెకలించి, సున్నం కొట్టి, హద్దులుగా పాతారు. కన్నూ ముక్కూ లేని అమ్మ వారికి రాయిలాగే కనబడింది, పాపం.

ఇలాంటప్పుడు అమ్మవార్లు కలలోకి వచ్చి చోటు చెప్పడం రివాజు. కొమురవ్వ మూడు రోజులు ఎదురుచూసింది. ఈ అమ్మ రాలేదు. నాలుగోనాడు గొర్రె ఈనింది.

"ఏ రాయిల ఉన్నవో నువ్వన్న చెప్పకపోతివి. అన్నిటికి పోస్త. నీది నీకు ముడుతది" అని కొమురవ్వ మొదటి రాయి దగ్గర మొదలుపెట్టింది. యాభై ఏడో రాయికి ముంత అడుగంటింది. అమ్మ ఆ మిగిలిన మూడింటిలోనే ఉంటే? ముసలిది అక్కడే కూలబడి బావురుమంది.

పక్క ప్లాటులో అప్పుడే గోడలు లేస్తున్నాయి. ఆ ఇంటావిడ వసుంధర సంగతి విని, మేస్త్రీల టీ కోసమని తెచ్చిన పాల ప్యాకెట్టు పట్టుకొచ్చింది.

"ప్యాకెట్ పాలు అవ్వా. పనికొస్తాయో లేదో."

"పాలు పాలే బిడ్డా. ఆకలైనోళ్లు అడుగుతరా, ఏ పాలని?"

మూడు రాళ్లకూ ఇద్దరూ కలిసి పోశారు.

నేటికీ ఇక్కడ కొత్త ఇంట పాలు పొంగించినవారు, అద్దెకు వచ్చినవారైనా సరే, ఆ పాలు అరవై రాళ్లకూ పోస్తారు. చివరి మూడింటికి మాత్రం సొంత పాలు పోయరాదు, పొరుగువారు తేవాలి. అలా పోయించుకున్న ఇంట కష్టానికి తోడు దొరుకుతుందని నమ్మిక.

లోయలో ఇప్పుడు ఒక్క గొర్రె లేదు, కొమురవ్వా లేదు. అమ్మ మాత్రం ఒక్క ఏడూ పస్తుండలేదు.