టేకాకు మీద ఏనుగు అడుగు

ముందే ఒప్పుకుంటున్నాను, ఇలాంటి ఉత్తరం నాకొస్తే చదవడం పూర్తికాకముందే జవాబు రాసేసే రకం నేను. కాబట్టి కుందేలును చూసి నవ్వేటప్పుడు కాస్త మెల్లగా నవ్వండి, నాకు తగులుతుంది.

ఒక అడవిలో ఏనుగు దొర దారులు వేసే కంపెనీ నడిపేవాడు. తను ముందు నడిచి పొదలు తొక్కితే, వెనకాల కుందేళ్ళు మొదళ్ళు కొరికి దారి చదును చేసేవి. కొత్త హుకుం ఉన్న రోజు దొర వాగు రేవులో బురద మీద ఒక అడుగు వేసి ఉంచేవాడు. అది చూసి పనివాళ్ళంతా వెళ్ళి, ఆయన నోటనే విని వచ్చేవాళ్ళు.

ఆ పనివాళ్ళలో చెవులయ్య ఒకడు. బొరియలో కళ్ళు తెరవని పిల్లలు నాలుగు. ఒక ఉదయం గుమ్మం ముందు టేకాకు ఒకటి పడి ఉంది. అది చదివి, పక్కింటి ఏదుపంది సూదమ్మ దగ్గరికి పరిగెత్తాడు.

"అత్తా, కొంప మునిగింది! కంపెనీ ఉత్తరం!"

"మునిగేలోపు చదువు."

"'ప్రియమైన ఉద్యోగీ! మీ బొరియ వివరాలు చెరిగిపోయినవి. వెనక ద్వారం ఎక్కడున్నదో వెంటనే రాసి, చీమల పుట్ట పక్కన రాయి కింద పెట్టాలి. మధ్యాహ్నం దాటితే కొలువు రద్దు. దొరగారు పనిలో ఉన్నారు, రేవుకు వచ్చి విసిగించరాదు.' కింద దొరగారి అడుగు ముద్ర కూడా ఉందత్తా, గోళ్ళతో సహా!"

సూదమ్మ ఆకును అటూ ఇటూ తిప్పింది. "ముద్ర ముచ్చటగానే ఉంది. దొర పాదం ఎంతుంటుందిరా?"

"నా పిల్లలు నలుగురూ పడుకున్నా ఇంకా చోటుంటుంది."

"మరి ఈ ఆకులో ఎలా పట్టింది?"

చెవులయ్య ఆకు వంక చూశాడు, ఆకాశం వంక చూశాడు. "ఒట్టి చిటికెన వేలు వేశారేమో."

"నీ మొహం! ఇన్నేళ్ళుగా నిన్ను చెవులూ అని పిలిచే దొర, ఇవాళ ఉద్యోగీ అన్నాడా? దారులు వేసేవాడికి నీ వెనక ద్వారంతో పనేంటి? ఆ ద్వారం కావలసింది నీ పిల్లల్ని తినేవాడికి."

"నిజంగా కంపెనీదే అయితే? కొలువు పోతే?"

"పోయి అడుగు. రావద్దన్నారే, సరిగ్గా అక్కడికే పో."

రేవులో అడుగు లేదు. అక్కడే ఉన్న ఏనుగు దొర ఆకును వాసన చూసి పకపకా నవ్వాడు. "ఒరే చెవులూ, ఆకు తొండానికి అందితే దాని మీద రాస్తానా? నమిలేస్తాను గానీ!" అన్నాడు. అన్నట్టే నమిలేశాడు.

చెవులయ్య తిరిగొచ్చేసరికి సూదమ్మ ఇంకో ఆకు సిద్ధంగా పెట్టుకుంది. "రాయరా. వాగు గట్టున తుమ్మ పొద వెనక చిన్న కంత."

"అది మీ ఇల్లు కదత్తా?"

"అందుకే."

మధ్యాహ్నానికి, రాయి కింద చెవులయ్య పెట్టిన ఆకు తీసుకున్న నక్క, తుమ్మ పొద వెనక్కి వచ్చి మర్యాదగా గొంతు సవరించుకుంది. "కంపెనీ వాళ్ళమండీ."

"రండి బాబూ, మొహమాటపడకండి" అంది లోపలి నుంచి సూదమ్మ, వీపు గుమ్మం వైపు తిప్పి కూర్చుని.

నక్క మొహమాటపడలేదు. తల మొత్తం లోపలికి దూర్చింది. ఆ కేకకు వాగవతల కొంగలు లేచిపోయాయి.

మూలుగుతూ పోతుంటే చెట్టు మీది కాకి అడిగింది: "ఏం నక్క బావా, మూతికి ఆ పుల్లలేంటి?"

"కంపెనీ బిరుదులు" అంది నక్క, ఆగకుండా.

నీతి: ఉత్తరం మీద అనుమానం వస్తే, అందులో చూపించిన దారిన కాదు, నీకు ముందే తెలిసిన దారిన వెళ్ళి అడుగు.